రైలు దిగని పద్మనాభం

పద్మనాభం పద్నాలుగో పేజీలో రైలెక్కాడు. నేను నూట నలభై మూడో పేజీకి వచ్చినా ఇంకా దిగలేదు.

మా ఆర్మూర్‌కు రైలు లేదు. అందుకే మొదట్లో ముచ్చటపడి చదివాను. కిటికీ గురించి ఆరు పేజీలు, ఎదురుగా కూర్చున్న ముసలాయన కండువా గురించి మూడు పేజీలు, ఆ కండువాను చూసి పద్మనాభానికి గుర్తొచ్చిన చిన్నతనం గురించి నలభై పేజీలు. ఒక్క స్టేషను రాలేదు. ఒక్క చాయ్ అమ్మేవాడు ఎక్కలేదు. టికెట్ కలెక్టరైనా వచ్చి దింపేస్తాడేమో అని ఆశపడ్డాను. ఆయనకూ ఈ పెట్టెలోకి రావాలంటే విసుగనుకుంటాను.

పుస్తకం తెచ్చింది దసరా సెలవుల తర్వాత. ఇప్పుడు ఊరి చుట్టూ చేలల్లో పసుపు ఉడకబెడుతున్నారు. నిజామాబాద్‌లో బి.ఏ. చదివే రోజుల్లో వారానికి రెండు నవలలు మింగిన మనిషిని, ఐదు నెలల్లో నూట నలభై మూడు పేజీలు. మొత్తం పుస్తకం ఆరువందల పన్నెండు. ఈ నడకన పద్మనాభం దిగేసరికి వచ్చే ఏటి పసుపు కూడా అమ్ముడుపోతుంది.

వదిలేసి ఇంకొకటి తెచ్చుకోవచ్చు కదా అంటారు. అక్కడే ఉన్నారు రాజేశ్వర్ సార్.

పాత బస్టాండు వెనక శాఖా గ్రంథాలయానికి ఆయనే అధికారి, ఆయనే అటెండరు, ఊడ్చేదీ ఆయనే. కార్డుకు ఒక్క పుస్తకం అన్నది సర్కారు నియమం. దాని మీద సార్ సొంతంగా మరొకటి పెట్టుకున్నారు. పుస్తకం వాపసు తెచ్చిన వాళ్ళను ఎదురుగా నిలబెట్టి, కళ్ళద్దాల పైనుంచి చూస్తూ అడుగుతారు: "చివరికి ఏమైంది?" చెబితే పుస్తకం తీసుకుని ఇంకొకటి ఇస్తారు. చెప్పకపోతే మన పుస్తకం మన చేతికే ఇచ్చి, "సగం తిని లేస్తరా అమ్మా? చదివి రాండ్రి" అని పంపేస్తారు.

ఆ చివరి పేజీ ఏదో చూసి చెబితే పోయేది. కానీ మా నాయన నాకు చదువు నేర్పినప్పుడే ఒక మాట తీసుకున్నాడు. చివరి పేజీ ముందుగా చూడటమంటే దేవుడికి పెట్టకముందే ప్రసాదం నోట్లో వేసుకోవడమేనట. మొదలుపెట్టింది పూర్తి చేయాలి, ముందుకు తిప్పకూడదు. ఇప్పటికీ ఆ మాట తప్పలేదు. అబద్ధం ఆడటం గురించి మాత్రం ఆయన ఏమీ చెప్పలేదు.

అందుకని ఆ బుధవారం లైబ్రరీకి వెళ్ళి ప్రయత్నించి చూశాను.

"చివరికి ఏమైంది?" అన్నారు సార్.

"చచ్చిపోయిండు సార్" అన్నాను బాధగా.

"ఎవరు?"

ఐదు నెలలుగా నాకు తెలిసిన మనుషులు ఇద్దరే. పద్మనాభం, కండువా ముసలాయన. ఇద్దరిలో ఎవరో తేల్చుకోలేక, "ఇద్దరు" అన్నాను.

సార్ పుస్తకాన్ని మెల్లగా నా వైపు జరిపారు. జరిపి, పక్కనే ఉన్న చెక్కపెట్టె మీది గోనెపట్టా తీశారు. లోపల కొత్త పుస్తకాలు. జిల్లా కేంద్రం నుంచి ఆ పొద్దునే వచ్చాయట. కొత్త కాగితం వాసన నా ముక్కుకు తగిలింది. ఆకలిగా ఉన్నవాడి ముందు పోపు వేసినట్టు.

"అరువై వచ్చినయ్. శనివారం సాయంత్రం దాకా ఈడ ఉంటయ్. మిగిలినయి మోర్తాడ్ లైబ్రరీకి పోతయి" అన్నారు. "నువ్వు జర జల్ది చదువు చెల్లె."

శనివారానికి నాలుగు వందల అరవై తొమ్మిది పేజీలు. నేను చదవగలను. పద్మనాభం కదలాలి కదా.

గురువారమంతా ఒక చోట నిలవలేదు. పుస్తకం తెరుస్తాను, రెండు వాక్యాలు చదువుతాను, లేచి వెళ్ళి ఉడకని పప్పును చూస్తాను, మళ్ళీ కూర్చుంటాను, లేచి ఎండలో ఆరేసిన బట్టలు తిరగేస్తాను. చదవడానికి వేరే ఏదీ లేక బెల్లం చుట్టి వచ్చిన కాగితం చదివాను. దగ్గు మందు సీసా మీది కాగితం రెండు వైపులా చదివాను. గోడ మీది క్యాలెండర్లో ఆ నెలంతా రాహుకాలాలు చదివాను. మా అత్తమ్మ లక్ష్మీనర్సమ్మ మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ నన్నే గమనిస్తోంది.

"కాళ్ళ కింద నిప్పులు పోసినట్టు గట్ల తిరుగుతవేందే సుగుణా?"

"పుస్తకం ముంగటికి పోతలేదు అత్తమ్మా."

"మొదలువెట్టినంక నడిమిట్ల ఇడవద్దు బిడ్డా. పసుపు సగం ఉడికినంక మంట తీస్తే ఏమైతది? పురుగు పడ్తది."

ఆమె చదువుకోలేదు. నేను ఈ పుస్తకం వదిలితే ఆర్మూర్ పసుపుకంతా పురుగు పడుతుందన్నట్టు చూసింది.

ఇక మా ఆయన దేవిదాస్. మార్కెట్ యార్డులో పసుపు కమీషన్ దుకాణం. ఈ పుస్తకం తెచ్చుకోమని సలహా ఇచ్చిందే ఆయన. "ఫస్ట్ క్లాస్ పుస్తకం. నేను కాలేజిల ఉన్నప్పుడు గీ లైబ్రరీల తెచ్చుకోని మొత్తం చదివిన. చివర్ల ఏడుపొస్తది" అన్నాడు. చివర్లో ఏముందని అడిగితే చెప్పడు. "నువ్వే చదువు, మజా పోతది" అంటాడు. అలా ఒకవైపు సార్, ఒకవైపు అత్తమ్మ, ఒకవైపు మొగుడు, పైనుంచి మా నాయన. మధ్యలో కదలని రైల్లో నేను.

శుక్రవారం మధ్యాహ్నం అరుగు మీదకు వచ్చి కూర్చున్నాను. పక్కింటి నీలవ్వ అప్పటికే ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె పెనిమిటి దుబాయిలో ఉన్నాడు. మా అరుగుకు గాలి బాగా వస్తుందని నీలవ్వ మధ్యాహ్నాలు ఇక్కడే గడుపుతుంది. నా పుస్తకం సంగతి మొదటి నుంచీ ఆమెకు తెలుసు. రోజూ అడుగుతుంది.

"ఏందక్కా, ఇయ్యాలన్న దిగిండా?"

"దిగలే."

"నా మొగడు దుబాయికి పోయి, నడుమ ఒకపారి ఇంటికొచ్చి, మల్ల పోయిండు. గాయినె ఇంక రైల్లనే ఉన్నడా?"

"కిటికీల నుంచి చూస్తుండు."

"ఏం చూస్తుండు?"

"చెట్టు."

నీలవ్వ వేళ్ళు ఆగకుండానే నవ్వింది. "ఇడిసిపెట్టరాదు మరి? పుచ్చిన ఆకు చేతికొస్తే నేను పక్కకు పడేస్తలేనా? అయ్యో కోసిన గదా అని గా ఆకుతోనే చుడితే, కార్ఖానాల చూసేటోడు కట్టకు కట్టనే ఇసిరికొడ్తడు."

"నాకు ఇడిసే అలవాటు లేదే."

"మంచి అలవాటే. ఆకులు ఎగుర్తున్నయ్ గని, గా రైలు జర ఇటియ్యి."

నిజంగానే గాలి లేచింది. కోసి పెట్టుకున్న తునికాకులు చాటలోంచి లేస్తున్నాయి. పుస్తకం ఇచ్చాను. ఆకుల కట్ట మీద పెట్టింది. ఒక్క ఆకు కదల్లేదు. ఐదు నెలల్లో ఆ పుస్తకం ఒకరికి పనికి రావడం అదే మొదటిసారి.

కాసేపటికి ఆకు తీసుకోవడానికి పుస్తకం ఎత్తిన నీలవ్వ, దాన్ని పక్కన పెట్టకుండా అలాగే పట్టుకుని అంచు మీద బొటనవేలు పోనిచ్చింది. ఒకసారి, రెండుసార్లు. పొద్దున లేస్తే ఆకు అంచులు కోసే చెయ్యి అది.

"అక్కా, నీ పుస్తకంల గీడ ఆకు కొయ్యలే."

"ఏమంటున్నవే?"

"ఇగో చూడు. అంత సాపు ఉంది, గీ జాగల లోపటికి పోయి, మడత మడతనే ఉంది. ఆగు, కత్తెరతోని కోస్త."

చూశాను. రెండువందల తొమ్మిదో పేజీ దగ్గర. పెద్ద కాగితాన్ని మడిచి, కుట్టి, అంచులు కోస్తేనే పేజీలు విడిపోతాయి. ఈ ఒక్క మడత కుట్టులో లోపలికి జరిగిపోయింది కాబోలు, కత్తి దానికి తగల్లేదు. రెండువందల తొమ్మిది కనిపిస్తోంది, రెండువందల ఇరవై నాలుగు కనిపిస్తోంది. మధ్యలో పద్నాలుగు పేజీలు మూసిన కవరులోని ఉత్తరంలా లోపలే ఉన్నాయి. కొయ్యకుండా ఎవరూ చదవలేరు. ఎవరూ కొయ్యలేదు.

పుస్తకం వెనక్కి తిప్పి, తేదీ ముద్రలు కొట్టే కాగితం చూశాను. నాది కాక పదకొండు ముద్రలు. పదకొండు మంది తీసుకెళ్ళారు. పదకొండు మందీ సార్ ఎదుట నిలబడి చివరికి ఏమైందో చెప్పి, ఇంకో పుస్తకం పుచ్చుకుని ఇంటికి వెళ్ళారు.

ఐదు నెలలు! నాకొచ్చింది కోపమో నవ్వో అప్పటికి తేలలేదు.

నీలవ్వ కత్తెర తెరిచి సిద్ధంగా ఉంది.

"దింపు" అన్నాను. "కత్తెర కింద పెట్టు నీలవ్వా. గా మడతనే నాకు సాక్షి. కోస్తివంటే నా బతుకు ఖరాబు."

"ఇంతసేపు దిగుతలేడని ఏడ్చినవు. తొవ్వ చేస్తనంటే వద్దంటవు. చదువుకున్నోళ్ళతోని ఇదే పరేషాన్" అని గొణుక్కుంటూ బీడీకి దారం చుట్టింది.

ఆ సాయంత్రం మా ఆయన వచ్చాడు. సీజనులో ఆయన చెవుల దాకా పసుపే. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాక జొన్న రొట్టె వడ్డించి, ఎదురుగా కూర్చున్నాను. అత్తమ్మ గడప దగ్గర ఉంది.

"ఇగో, ఇంటున్నరా. గా పుస్తకం మీరు మొత్తం చదివిండ్రా?"

"మొత్తం. డెబ్బై తొమ్మిదిల, కాలేజిల ఉన్నప్పుడు. చివర్ల కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్."

"రెండువందల పదో పేజీల?"

"గాడ గూడ జర తిరిగినయ్."

"అట్లనా" అని ఇంకో రొట్టె వేశాను. "సరే గని, యార్డుల కొనేటోళ్ళు వస్తరు గదా. పసుపు మంచిదా కాదా చూసేతందుకు సంచి మొత్తం గుమ్మరిస్తరా?"

తన పని గురించి అడిగితే ఆయన తిండి కూడా మరచిపోతాడు. "ఎందుకు గుమ్మరిస్తరు? సంచి నడిమిట్లకు చెయ్యి పెట్టి ఒక్క కొమ్ము తీస్తరు. ఇరుస్తరు. టక్కుమని ఇరిగి, లోపట మంచి రంగు ఉండాలె. గంతే."

"నడిమిట్ల నుంచే ఎందుకు? మీదిది తీయొచ్చు గదా."

"మీద మంచియి పెట్టుడు లోకమంత తెల్సిన విద్యనే."

"మరి బాగలేకుంటే? సంచి మూతి ఇప్పినం, చెయ్యి పెట్టినం, నడిమిట్ల ఇడవద్దని మొత్తం కొంటరా?"

"నీకేమన్న పిచ్చి లేసిందా? మూతి కట్టి పక్క సంచికి పోతరు."

నేను లేచి పుస్తకం తెచ్చి, కోయని మడత ఆయన రొట్టె పక్కన తెరిచి పెట్టాను. ఆయన చూశాడు. వేలు పెట్టి మడతలోకి దూర్చడానికి చూశాడు. పసుపు మరక పడింది.

"గప్పుడు వేరే పుస్తకం ఉండెనేమో."

"ఒక్కటే ఉంది. సార్‌నే అడిగిన."

అడగలేదు. మా నాయన అబద్ధం గురించి ఏమీ చెప్పలేదన్నాను కదా.

రొట్టె తుంచాడు. నమిలాడు. నీళ్ళు తాగాడు. "తొంబై ఆరు" అన్నాడు.

"ఏం తొంబై ఆరు?"

"పేజి. గాడ్నే ఆపిన. ఇగ చివరి పేజి చూస్కోని పోయి సార్‌కు చెప్పిన."

గడప దగ్గర అత్తమ్మ కిసుక్కుమంది. "నాకు తెల్సు. చిన్నప్పటి సంది వీని పని గంతే. పెండ్లిల తలంబ్రాలు సుత సగం పోసి కూసున్నడు."

"అమ్మా, నువ్వు ఊకో!"

"నువ్వు ఊకో. ఏమే పిల్లా, నువ్వు ఐదు నెలల సంది ఎసరు పెట్టి కూసున్నది గీ పుస్తకానికేనా?"

"మీరే అంటిరి గదా అత్తమ్మా, సగం ఉడికితే పురుగు పడ్తదని."

ఆమె చేతులు దులుపుకుంది. "పసుపైతే ఉడుకుతది. రాయిని ఎంతసేపు ఉడకపెడ్తవే? మన గుట్ట మీద లేవా రాళ్ళు?"

ఇల్లు గెలిచాను. ఇక రచ్చ మిగిలింది.

శనివారం యార్డుకు వెళ్ళే బండ్లతో నాగపూర్ రోడ్డు నిండిపోయింది. గాలి కూడా పసుపు వాసనే. పుస్తకం సంచిలో పెట్టుకుని, దాదాపు ఉరుకుతూ వెళ్ళాను. నాలుగు దాటింది. లైబ్రరీలో సార్ ఒక్కరే ఉన్నారు. పెట్టె దాదాపు ఖాళీ. తొమ్మిదే పుస్తకాలు మిగిలాయి. వాటి మీద గోనెపట్టా కప్పడానికి సార్ సుతిలి తాడు కూడా సిద్ధం చేసుకున్నారు.

"వచ్చినవా చెల్లె. చదివినవా? చివరికి ఏమైంది?"

"చివర ఏమైందో మీకు పదకొండు మంది చెప్పిండ్రు సార్. నేను నడిమిట్ల సంగతి చెప్దామని వచ్చిన."

పుస్తకం రెండువందల తొమ్మిది దగ్గర తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నారు. మడతను కింది నుంచి చూశారు, పై నుంచి చూశారు. తర్వాత వెనక అట్ట తెరిచి ముద్రల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటిగా కిందికి వచ్చారు. పెదవులు కదులుతున్నాయి. ఒక్కో ముద్రకూ ఒక మనిషి గుర్తుకొస్తున్నట్టుంది.

ఈ క్షణం ఎంత మజాగా ఉంటుందో అని రాత్రంతా ఊహించుకున్నాను. అంత మజాగా లేదు. సార్ ముఖం చూస్తుంటే, పన్నెండేళ్ళుగా దాచుకున్న చీటీలన్నీ తెల్లకాగితాలని తెలిసిన మనిషిలా ఉంది.

"అందరూ ఒక్కటే మాట చెప్పిండ్రమ్మా" అన్నారు చివరికి. "తల్లి కాళ్ళ మీద పడి ఏడ్చిండని. ఒక్క అక్షరం ఎక్కువ తక్కువ లేకుంట. చూసినవా, మనోళ్ళు ఎంత శ్రద్ధగ చదువుతున్నరని నేను సంబురపడుతుంటి."

ఊరికే ఉండలేక అడిగేశాను. "మీరు చదువలేదా సార్?"

ఆయన వాకిలి బయటికి చూశారు. పసుపు సంచుల బండి ఒకటి మెల్లగా పోతోంది. అది మలుపు తిరిగే దాకా చూశారు.

"నాకు రైలు ప్రయాణం పడదమ్మా. కడుపుల తిప్పుతది."

నేను నవ్వకూడదనుకున్నాను. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. లాభం లేకపోయింది. ముందు సార్ భుజాలు కదిలాయి, తర్వాత నావి.

నవ్వు తగ్గాక ఆయన గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమో అన్నట్టు అడిగారు. "నిజం చెప్పు చెల్లె. యాడన్న దిగుతడా?"

"నూట నలబై మూడు దాకా దిగలే సార్. గంత దూరమే తెల్సు నాకు."

"ఊఁ." పుస్తకాన్ని తీసుకుని ముద్ర కొట్టారు. దాన్ని అలమరలో పెట్టలేదు, తన కుర్చీ మీద పెట్టి దాని మీద కూర్చున్నారు. ఇప్పుడాయన బల్లకు సరిగ్గా ఎత్తయ్యారు. "ఇయ్యాల్టి సంది చివరికి ఏమైందని అడుగ. యాడ ఆపినవు, ఎందుకు ఆపినవు, గదే అడుగుత. గదైతే ఎవ్వలు అబద్ధం చెప్పరు." తర్వాత పెట్టె వైపు చెయ్యి చూపించారు. "తీస్కో. ఐదు గంటలకు బస్సుల ఏస్త."

తొమ్మిది పుస్తకాలు. ఒక్క కార్డు. గంట కూడా లేదు.

మొదటి పేజీలు తెరవలేదు. మీద మంచివి పెట్టడం లోకమంతా తెలిసిన విద్యే. మొదటి పుస్తకం సరిగ్గా మధ్యకు తెరిచాను. ఒక మేడ, ఆ మేడకు స్తంభాలు, ఆ స్తంభాలకు చెక్కడాలు. మూసేశాను. మా నాయన వెనక నిలబడి గొంతు సవరించుకున్నట్టు అనిపించింది. రెండోది మధ్యకు తెరిచాను. ఒక మంచివాడు ఇంకో మంచివాడికి మంచితనం గురించి చెబుతున్నాడు. మూసేశాను. ఈసారి గొంతు సవరించిన చప్పుడు రాలేదు. మూడోది, నాలుగోది. నిలబడే చూస్తున్నాను, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదకు మార్చుకుంటూ. ఐదోది తెరిస్తే ఎవరో రైలెక్కుతున్నారు. మూసి పెట్టెలో అట్టడుక్కి తోశాను.

"నిలబడి గంత జల్ది జల్ది చూస్తే ఏం తెలుస్తది?" అన్నారు సార్ తాడు చేతికి చుట్టుకుంటూ.

"ఒక్క కొమ్ము ఇరిస్తే చాలు సార్. మీ బావ చెప్పిండు." దేవిదాస్‌ను ఆయన బావా అనే పిలుస్తారు, చుట్టరికమేమీ లేకపోయినా.

ఆరోది సన్నటి పుస్తకం. అట్ట మీద బొమ్మ కూడా లేదు. మధ్యకు తెరిచాను. ఒక ఊళ్ళో చేదబావి. నీళ్ళు తోడుకునే చోట ఒకామె ఇత్తడి చెంబు పోయింది. ఊరంతా వెతుకుతోంది. ఎవరు తీశారో ఆమెకు తెలుసు. తెలిసి కూడా, తీసిన మనిషినే పక్కన పెట్టుకుని, "నువ్వు గూడ జర చూడు వదినా" అంటూ వెతికిస్తోంది. పొదల్లో వెతికిస్తోంది. ముళ్ళల్లో వెతికిస్తోంది.

ఎందుకు చెప్పదు? పేజీ తిప్పాను. వదిన చెయ్యి గీరుకుపోయి రక్తం వస్తోంది. ఆమె తన కొంగు చింపి కట్టు కడుతూ, చెంబు మా అమ్మ ఇచ్చింది వదినా అంటోంది. వదిన ముఖం...

తాళంచెవుల గుత్తి గలగలమంది.

తలెత్తాను. వాకిట్లో వెలుగు పలచబడింది. పెట్టె లేదు, సుతిలి తాడు లేదు, మోర్తాడ్ బస్సు ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో తెలియదు. నేను బల్ల పక్క బెంచీ మీద ఉన్నాను. చెప్పులు విడిచి, కాళ్ళు పైకి ముడుచుకుని. ఎప్పుడు కూర్చున్నానో గుర్తు లేదు. ఐదు నెలల్లో నేను అంతసేపు కదలకుండా కూర్చున్నది అదే మొదలు.

రాజేశ్వర్ సార్ వాకిలి దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో తాళం. చంకలో పద్మనాభం. ఇంటికి పట్టుకుపోతున్నట్టున్నారు, చదవడానికో కూర్చోవడానికో నేను అడగలేదు.

"చెల్లె" అన్నారు. "యాడ ఆపినవు?"

"ఇంకా ఆపలే సార్" అని పేజీ తిప్పాను.